సెల్‌ఫోను విడుచు రేడియోశక్తి యెంత? తెలిసికొను విధము

ఎరువుబస్తా కొనునపుడు మన రైతు మొదట చూచునది దానిపై అచ్చువేసిన అంకెలు. నత్రజని యెంత, భాస్వరమెంత, పొటాషెంత యని చదువుకొని తన చేనికేది తగునో నిర్ణయించుకొనును. పురుగుమందు డబ్బామీది రంగు గుర్తు చూచి, ఎరుపైనచో మిక్కిలి విషమనియు, ఆకుపచ్చయైనచో స్వల్పమనియు గ్రహించును. కాని రాత్రింబవళ్లు చొక్కాజేబులోనో, రొంటినో, తలగడ క్రిందనో ఉంచుకొను సెల్‌ఫోనునకు గూడ అట్టి అంకె యొకటి కలదనియు, దానిని కానీ ఖర్చు లేకుండ అరనిమిషములో చూచుకొనవచ్చుననియు ఎరిగినవారు మనలో కొలదిమంది మాత్రమే.

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు మెట్టగ్రామములలో సెల్‌ఫోను నేడు సేద్యపు పనిముట్లలో నొకటియైనది. ప్రత్తి, మిరప ధరలు తెలియుట, వానసూచనలు వినుట, బ్యాంకులో సొమ్ము పడిన సమాచారము వచ్చుట, ఇంటినుండియే బావివద్ద మోటారు నడుపుట, అన్నియు దానితోనే జరుగుచున్నవి. వాడుక పెరిగినకొలది భయములును పెరిగినవి. ఫోనువలన మెదడునకు జబ్బు వచ్చునా? ఊరిలో టవరు కట్టనీయవచ్చునా? పిల్లల చేతికి ఈయవచ్చునా? ఇట్టి ప్రశ్నలను సభ్యులు మమ్ము తరచుగా అడుగుచున్నారు. ఇటీవల ఒక సభ్యుడు మూడువందల రూపాయలిచ్చి కొనిన బిళ్లనొకదానిని ఫోను వెనుక అంటించుకొని వచ్చి, “ఇది రేడియేషను ఆపునని చెప్పి అమ్మినారు. నిజమేనా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు సరియైన జవాబు చెప్పుటకు మొదట ఫోను ఏమి విడుచునో, ఎంత విడుచునో తెలియవలెను. ఈ వ్యాసమునకు కారణమిదియే.

ఫోను విడుచునది యేమి?

1948వ సంవత్సరమున విజయవాడలో ఆకాశవాణి కేంద్రము ఆరంభమైన నాటినుండి మన పల్లెలు రేడియో తరంగముల నెరిగియే యున్నవి. రేడియోపెట్టె ఆ తరంగములను పట్టి వినిపించును గాని తాను తరంగములతో బదులు పలుకదు. సెల్‌ఫోను అట్లు కాదు. అది వినును, పలుకును. మనము మాటలాడునపుడు మన మాటను తరంగములుగ మార్చి టవరునకు పంపును. అట్లు పంపు శక్తిలో కొంత భాగము, ఫోను చెవికి ఆనియున్న కారణముచేత, తలలోని కండ, ఎముక, మెదడు గ్రహించును. ఆలోచింపదగినది ఈ భాగమును గురించియే.

ఈ తరంగములు వెలుతురు జాతికి చెందినవే గాని వెలుతురుకంటెను మిక్కిలి బలహీనమైనవి. ఆసుపత్రిలో ఛాయాచిత్రము తీయు ఎక్సురే కిరణములవలె అణువులను విడగొట్టు బలము వీనికి లేదు. వీనివలన నిశ్చయముగా తెలిసిన ఫలితము వేడి. శరీరములోని నీటిని ఇవి ఇంచుక వెచ్చజేయును. రేడియేషను అను ఒకే మాటను రెంటికిని వాడుటచేత జనులు పొరబడుచున్నారు. పొయ్యిలోని నిప్పును, చేతిలోని దీపమును ‘మంట’ యనుచునే యున్నను, రెంటికిని మనమిచ్చు జాగ్రత్త యొక్కటి కాదుగదా!

అంకె యొక్క అర్థము

శరీరపు బరువులో ఒక్కొక్క కిలోగ్రాము ఎన్ని వాట్ల రేడియోశక్తిని గ్రహించునో తెలుపు అంకెను ఎస్.ఎ.ఆర్. అని పిలుతురు. దీనిని కొలుచు విధము వినదగినది. మనిషి తల ఆకారముగల చిప్పను చేసి, శరీరపు కండవలె తరంగములను గ్రహించు ద్రవముతో దానిని నింపుదురు. దాని చెవియొద్ద ఫోనునుంచి, ఫోను తన పూర్తి బలముతో పలుకునట్లు చేయుదురు. యంత్రపు చేయి యొకటి సన్నని కొలతపుల్లను ద్రవములో నలుదిక్కుల త్రిప్పి, శక్తి యెక్కడ అధికముగా చేరుచున్నదో కనిపెట్టును. ఆ అధికమైన చోటి లెక్కయే ఫోను అంకె.

మన దేశమున 2012వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీనుండి ఈ అంకెకు మితి 1.6గా నిర్ణయింపబడినది. అనగా ఏ ఒక్క గ్రాము కండయు సగటున కిలోకు 1.6 వాట్ల లెక్కకు మించి గ్రహింపరాదు. పాత మితిననుసరించి చేసిన ఫోనులకు ఒక్క యేడు గడువిచ్చి, 2013 సెప్టెంబరు 1వ తేదీనుండి ఈ మితిలోపలి ఫోనులనే తయారుచేయవలెననియు, దిగుమతి చేయవలెననియు కేంద్ర టెలికాం శాఖవారు నియమించిరి. అంతకు ముందు మనమనుసరించినది ఐరోపా పద్ధతి. అందులో మితి 2 వాట్లు, సగటు తీయునది పది గ్రాముల కండకు. కావున ఐరోపా పద్ధతిని కొలిచిన అంకెను, మన పద్ధతిని కొలిచిన అంకెను ప్రక్కప్రక్కన పెట్టి పోల్చుట, మానికతో కొలిచిన గింజలను తవ్వతో కొలిచిన గింజలతో సరిచూచుటవంటిది.

1.6 అనగా ఎంత వేడి? ఒక గ్రాము కండకు ఒక వాటులో వేయవవంతు చొప్పున 1.6 వంతులు. పారు రక్తము ఆ వేడిని తీసికొనిపోకున్నను, ఆరు నిమిషములలో ఆ కండ వేడెక్కునది సుమారు ఒక డిగ్రీలో ఆరవవంతు మాత్రమే. చాలసేపు మాటలాడిన పిదప చెవి వెచ్చబడుటను చూచి కొందరు దడుచుకొందురు. ఆ వెచ్చదనము చాలవరకు ఫోనులోని బ్యాటరీదియు, ఇతర భాగములదియును.

అంకెను చూచు విధము

ఫోనులో అంకెలు నొక్కు చోటు తెరచి, నక్షత్రపు గుర్తు, హాష్ గుర్తు, సున్న, ఏడు, మరల హాష్ గుర్తు వరుసగా నొక్కవలెను. అనగా *#07# అని. పెక్కు ఫోనులలో వెంటనే తెరపై అంకెలు కనబడును. కనబడనిచో పచ్చమీట నొక్కి చూడవలెను. దీనికి రుసుము లేదు. తలకు ఒకటి, దేహమునకు ఒకటి చొప్పున రెండంకెలుండుట వాడుక. మొదటిది చెవికి ఆనించి మాటలాడునపుటిది. రెండవది ఫోనును శరీరమునకు కొంచెము ఎడముగ నుంచి కొలిచినది. ఆ ఎడము గలదను సంగతి రొంటిని, జేబులో ఫోను దోపుకొనువారు గుర్తుంచుకొనవలెను. బొత్తిగా ఒంటికి తగిలియున్నపుడు అంకె కొంత మారవచ్చును.

ఈ విధమున కనబడనిచో, ఫోను సెట్టింగులలో ఫోనును గురించి తెలుపు భాగమునందును, పెట్టెలో వచ్చు చిన్నపుస్తకమునందును వెదుకవచ్చును. అక్షరములు చదువలేని పెద్దలకు ఇంటిలోని బడిపిల్లలు చూచిపెట్టగలరు.

అంకె యెక్కడను దొరకనిచో ఆ ఫోను సంగతి అనుమానింపదగినదే. అప్పుడు *#06# నొక్కినచో పదునైదు అంకెల సంఖ్య యొకటి కనబడును. అది ఫోనునకు జన్మనక్షత్రమువంటిది. ఏ రెండు సరియైన ఫోనులకును అది యొక్కటిగా నుండదు. కె.వై.ఎం. అను మూడు ఇంగ్లీషు అక్షరములు వ్రాసి, కొంచెము ఎడమిచ్చి, ఆ పదునైదు అంకెలను వ్రాసి 14422కు సందేశము పంపినచో ఆ ఫోను వివరములు తిరిగివచ్చును. చౌకగా దొరికినదని బిల్లులేని పాతఫోను కొనువారు సొమ్ము చెల్లింపకముందే ఈ పని చేయుట మేలు. దొంగసొత్తు కొనిన చిక్కును గూడ దీనివలన తప్పించుకొనవచ్చును.

తయారుచేయువారు తెలిపిన అంకెను ప్రభుత్వములు మరల పరీక్షించుటయు కలదు. 2023 సెప్టెంబరులో ఫ్రాన్సు దేశపు తనిఖీసంస్థ ఐఫోను 12 అను ఫోనును పరీక్షించి, చేతబట్టుకొనినపుడు 4.0 దాటరాని అంకె 5.74 ఉన్నదని దాని అమ్మకమును ఆపించెను. తయారీదారులు ఫోను బలమును తగ్గించు మార్పును పంపిన పిదపనే మరల అమ్మనిచ్చిరి. పేరుపొందినది, ఖరీదైనది అను మాత్రముచేత పరీక్ష అక్కరలేదని అనుకొనరాదు.

అంకె చెప్పునది, చెప్పనిది

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వచ్చుచున్నాము. ఒకని ఫోను అంకె 0.8, మరియొకని ఫోను అంకె 1.2 అనుకొందము. రెండవవాని తల మొదటివాని తలకంటె ఒకటిన్నర రెట్లు శక్తిని గ్రహించుచున్నదా? అట్లు చెప్పుటకు వీలులేదు. ఆ అంకె ఫోను తన పూర్తి బలముతో పలికినపుటి హద్దు. నిత్యవాడుకలో ఫోను అంత బలముతో పలుకుట అరుదు. ఎద్దు లాగగల బరువు వేరు, నేడు అది లాగిన బరువు వేరు గదా!

టవరు దగ్గరగా నుండి సిగ్నలు బాగుగ నున్నపుడు ఫోను గుసగుసలాడినట్లు తక్కువ బలముతో పలుకును. సిగ్నలు సన్నగిల్లినకొలది, ఏటి ఆవలిగట్టు మనిషిని కేకవేసినట్లు, తన బలమును తానే పెంచుకొనును. ఈ హెచ్చుతగ్గు స్వల్పము కాదు. పాత రెండవతరము ఫోను బలము 2 వాట్లనుండి సుమారు 3 మిల్లీవాట్లవరకు, అనగా ఆరువందల రెట్లకు పైగా, మారగలదు. నాలుగవతరము ఫోనుల పైహద్దు సాధారణముగా 0.2 వాటు మాత్రమే. కనుక ఫోను అంకె ఎంత యనుటకంటె, ఎచ్చట నిలిచి మాటలాడుచున్నామనునదియే ఎక్కువగా లెక్కకు వచ్చును.

మన ప్రాంతమున ఇది నిత్యము అనుభవములోనిదే. జాతీయ రహదారి ప్రక్కను నిలిచినచో సిగ్నలు గీతలన్నియు నిండియుండును. ఊరికి దూరమైన పల్లపు చేనిలోనో, కొండచాటుననో, రేకులకప్పు గోదాములోనో ఒక్క గీతయే మిగులును. ఆ ఒక్క గీతతో, మాట సరిగా వినబడక, ఫోనును చెవిలోనికి నొక్కిపెట్టి అరగంట అరచుట మన అలవాటు. శక్తిని ఎక్కువగా పుచ్చుకొనుటకు ఇంతకంటె మార్గము లేదు. నాలుగడుగులు నడచి గట్టుమీది కెక్కినచో మాటయు బాగుగ వినబడును, ఫోను బలమును తగ్గును, బ్యాటరీయు నిలుచును.

రెండవది దూరము. రాత్రివేళ లాంతరుకు దగ్గరనున్నవానికి పడు వెలుతురు నాలుగడుగుల ఆవలనున్నవానికి పడదు. తరంగములును అంతే. చెవికి ఆనించుటకు మారుగా తీగగల ఇయర్‌ఫోను పెట్టుకొని ఫోనును మూరెడు దూరమున నుంచినను, స్పీకరు పెట్టి అరచేత పట్టుకొని మాటలాడినను, తలకు చేరు శక్తి మిక్కిలి తగ్గిపోవును. ఈ చిన్న మార్పు, 1.2 ఫోను మాని 0.8 ఫోను కొనుటకంటె ఎక్కువ ఫలమిచ్చును. పైగా దీనికి ఖర్చు స్వల్పము.

ఇక ఆ బిళ్ల సంగతి. అది తరంగములను ఆపదేని మూడువందల రూపాయలు వృథా. నిజముగ ఆపునేని, ఫోను టవరునకు వినబడక మరింత బలముతో కేకవేయును. అంటించినవాడు ఏది జరిగినను లాభపడడు. అమెరికా ప్రభుత్వపు వ్యాపార తనిఖీ సంఘము గూడ ఇట్టి కవచములను నమ్మవలదని ప్రజలను హెచ్చరించియున్నది. ఆ సభ్యునికి మేము చెప్పిన జవాబు ఇదియే. ఆయన బిళ్లను ఊడదీసి, ఆ సొమ్ముతో ఇయర్‌ఫోను కొనియున్నను బాగుండెడిదని నవ్వుకొనెను.

టవరును గురించి

ఊరిలో టవరు కట్టబోగా అడ్డుపడుటయు, ఆ పిమ్మట సిగ్నలు లేదని బాధపడుటయు పలుచోట్ల కలదు. టవరుమీది ఆంటెన్నాల వెలుగు టార్చిలైటు వెలుగువలె ప్రక్కలకు సాగును. సరిగ్గా క్రిందికి పడునది తక్కువ. ఉదాహరణకు, 20 వాట్ల బలమును ఒకే దిక్కునకు యాభైరెట్లు కూడదీసి పంపు ఆంటెన్నాకు సూటిగా ఎదురుగ, నూరు మీటర్ల దూరమున నిలిచినవానిపై పడునది, చదరపు మీటరుకు వాటులో నూరవవంతుకంటె తక్కువయని లెక్క తేలుచున్నది. 2012లో మన ప్రభుత్వమువారు అంతర్జాతీయ మితిని పదవవంతునకు తగ్గించి, 900 మెగాహెర్ట్‌జ్ తరంగములకు చదరపు మీటరుకు 0.45 వాటుగా నిర్ణయించిరి. మన లెక్కలోని టవరు ఆ మితిలో యాబదవవంతును గూడ చేరదు. దూరపు టవరునకు కేకవేయుచు చెవికి ఆనియున్న ఫోనే, చాలమందికి, టవరుకంటె ఎక్కువ శక్తినిచ్చుచున్నది.

ఇట్లనుటచే టవరు కట్టువారి మాటనెల్ల గ్రుడ్డిగా నమ్ముడని మేము చెప్పుటలేదు. అనుమానమున్నచో కొలిపించుకొను మార్గము కలదు. టెలికాం శాఖవారు 2017లో తరంగ్ సంచార్ అను పేర టవర్ల వివరములు తెలుపు ఏర్పాటు నొకదానిని ఆరంభించి, పౌరుడు కోరిన చోట కొలిపించుటకు 4,000 రూపాయల రుసుము విధించిరి. ఒక్క కుటుంబమునకు ఇది బరువే. కాని నలువది కుటుంబములు కలిసినచో ఇంటికి నూరు రూపాయలు. విత్తనము, ఎరువు కలిసి కొనుట నేర్చిన మనకు, నిజమును కలిసి కొలిపించుకొనుట కష్టమా?

వ్యాధిభయము

2011వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనాసంస్థ, ఈ తరంగములను ‘క్యాన్సరు కలిగింపవచ్చునేమో’ యను వర్గమున చేర్చినది. కలిగించునని నిశ్చయించుట కాదు. సందేహము తీరలేదని అర్థము. ఆ పిదప అదే ఆరోగ్యసంస్థ కోరిక మీద, 1994 మొదలు 2022 వరకు వెలువడిన 63 పరిశోధనలను కూర్చి పరిశీలించిన ఫలితము 2024లో ప్రకటింపబడినది. సెల్‌ఫోను వాడుకకును మెదడు క్యాన్సరునకును సంబంధము కనబడలేదని అందు తేలినది. పది సంవత్సరములకు పైగా వాడినవారిలోను అంతే. కావున భయపడి నిద్రమానవలసిన పనిలేదు. అయినను, ఊరక దక్కు జాగ్రత్తను విడుచుటయు తెలివి కాదు.

నిజముగ ప్రాణమునకు తెగించు వాడుకలు వేరుగ నున్నవి. మోటారుసైకిలు నడుపుచు భుజమునకును చెవికిని నడుమ ఫోను ఇరికించుకొని రహదారి దాటువాడు ఏ తరంగమువలననో గాక, ఎదురువచ్చు లారీవలన నశించును. మిరపతోటకు మందుకొట్టుచు, ఆ చేతితోనే ఫోను తీసి చెక్కిలికి ఆనించువాడు రేడియోశక్తికంటె వేయిరెట్లు కీడైనదానిని ముఖమునకు పూసికొనుచున్నాడు. మందుకొట్టునపుడు ఫోను గట్టుమీదనే యుండవలెను. చేతులు సబ్బుతో కడుగక ముట్టరాదు.

సభ్యులు చేయదగినవి

ఒకటి, ఇంటిలోని ప్రతి ఫోనునకు *#07# నొక్కి అంకె చూచుకొనుడు. అది 1.6 లోపల నున్నదా లేదా యనునదే చూడవలసినది. లోపలనున్నచో ఆ అంకెను గూర్చి మరి చింతింపవలదు.

రెండు, కొత్తఫోను కొనునపుడు బిల్లుతో కొనుడు. పాతది కొన్నచో *#06# సంఖ్యను తప్పక సరిచూచుకొనుడు.

మూడు, సిగ్నలు ఒక్క గీతయున్నచోట దీర్ఘసంభాషణ వలదు. బయలునకో, గట్టుమీదికో రండు. లేదా చిన్న సందేశము పంపుడు.

నాలుగు, పది నిమిషములకు మించిన మాటలకు ఇయర్‌ఫోనునో, స్పీకరునో వాడుడు. పిల్లల విషయమున దీనిని మరింత పాటింపుడు.

ఐదు, ఫోనును తలగడ క్రింద పెట్టుకొని నిద్రింపవలదు. మాటలాడని ఫోను అప్పుడప్పుడు క్షణకాలము మాత్రమే టవరునకు తన ఉనికిని తెలుపును గనుక తరంగముల భయము స్వల్పమే. కాని ఛార్జింగులోనున్న ఫోను పరుపు క్రింద వేడెక్కి అంటుకొను ప్రమాదము కలదు.

ఆరు, రేడియేషను ఆపునని చెప్పి అమ్ము బిళ్లలు, గొలుసులు, తొడుగులు ఏవియు కొనవలదు.

అంకె తెలియనివానికి భయమో, నిర్లక్ష్యమో మిగులును. అంకె తెలిసి దాని అర్థము తెలియనివాడు అమ్మకపువాని మాటకు లొంగును. రెండును తెలిసినవాడు తన సొమ్మును, తన ఆరోగ్యమును తానే కాపాడుకొనును. సంఘ సమావేశమునకు వచ్చునపుడు సభ్యులు తమ ఫోనుల అంకెలను చూచుకొని రావలెననియు, చూచుట తెలియని పొరుగువారికి చూపవలెననియు మా విన్నపము.